కోనేటి నాచు, కటకం కింద

యాగంటి ఉమామహేశ్వరుని కోనేటికి కొండలోంచి ఏడాది పొడవునా నీళ్లొస్తుంటాయి. అలాంటి నీటి అంచున, రాతి మెట్ల మీద పెరిగే నాచును చిటికెడు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టమని నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులను అడుగుతున్నాం. ఈ సంచిక అందుకోసమే.

స్లైడు మీద ఒక చుక్క నీరు, అందులో రెండు మూడు పోగులు చాలు. కవర్ స్లిప్పును ఏటవాలుగా ఆనించి మెల్లగా దించాలి. ధబాలున వేస్తే గాలి బుడగలు నల్లటి అంచులతో గుండ్రంగా కనబడి, కణాలేమో అనిపిస్తాయి. మొదట 4 రెట్ల వస్తుకటకం, తర్వాత 10, చివరికి 40. నలభైకి వచ్చాక పెద్ద మర ముట్టుకోకూడదు. కటకం స్లైడుకు తగిలి అద్దం పగులుతుంది. చిన్న మరనే వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. పది రెట్ల అక్షికటకంతో కలిపి అప్పటికి 400 రెట్లు. సరిగా కనబడకపోతే చాలామంది వెలుతురు పెంచుతారు. పారదర్శకమైన కణానికి డయాఫ్రం కాస్త మూయడమే మేలు. స్పైరోగైరా అయితే పచ్చటి రిబ్బను మెలికలు అప్పుడు స్పష్టంగా తేలతాయి.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిందీ కాంతి మైక్రోస్కోపులోనే. చెమటకు దాని మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క అక్షికటకమూ పగిలింది. కోసిన దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడా వద్దన్నాడు. 1902లో నోబెల్ వచ్చింది.

ప్రాక్టికల్ పరీక్షలప్పుడే బీరువా తెరిచే కాలేజీలు ఇంకా ఉన్నాయి. అధ్యాపకులకు మా మనవి: మైక్రోస్కోపును జూన్‌లోనే బయటికి తీయండి, ప్రతి విద్యార్థికీ మర తిప్పే వంతు రానివ్వండి.