ముద్దాయిలం మేమే, వకీళ్లం కాకూడదా?

కోర్టు మెట్లెక్కే ప్రతి తెలుగువాడూ మా మాటలే మాట్లాడతాడు. వకీలు, వకాల్తా, దావా, దస్తావేజు, ఫిర్యాదు, జామీను, జప్తు, ఖైదు, హాజరు, రద్దు, నకలు, వాయిదా. అన్నీ అరబ్బీ పారశీకాల నుంచి బయల్దేరి మా పెద్దల నోళ్లమీదుగా తెలుగులోకి నడిచొచ్చినవే. ఆఖరికి 'హక్కు' కూడా మా మాటే. 1801లో ఆర్కాటు నవాబు నుంచి కుంపిణీ చేతికి పోయేదాకా నెల్లూరు సీమ పాలన కాగితాల మీద నడిచింది ఆ భాషే. భాష మిగిలింది. మేం మిగల్లేదు.

ఆ మాటల్లో ఒకటుంది, 'ముద్దాయి'. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు అన్యాయం జరిగిందని నిలబడి అడిగేవాడు. తెలుగులోకి వచ్చేసరికి వాడే బోనెక్కి జవాబు చెప్పుకునేవాడయ్యాడు. ఎవరు ఎప్పుడు ఎలా మార్చారో గానీ మా బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. 2015 జైలు లెక్కల్లో విచారణ ఖైదీల్లో దాదాపు 21 శాతం ముస్లింలు. 2011 జనాభా లెక్కల్లో మా వంతు 14.2 శాతం. కోర్టులో మా కొరత ఎక్కడుందో ఇంకా చెప్పాలా? బోనులో కాదు, బోను ముందు నల్లకోటు వేసుకుని నిలబడే చోట.

ఆ చోటుకు దారి ఎక్కడ మూసుకుపోతున్నదని అడిగితే అందరూ కాలేజీ వైపు చూపిస్తారు. మేం వేసవి సెలవుల వైపు చూపిస్తాం.

లా చదివే పిల్లలు సెలవుల్లో లాయర్ల ఆఫీసుల్లో, లా కంపెనీల్లో పనిచేసి తీరాలి. 2008 నాటి బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు. ఏడాదిలో వరసగా నాలుగు వారాలకు మించకూడదు. దీన్నే ఇంటర్న్‌షిప్ అంటున్నారు. పని చిన్నదిగానే కనిపిస్తుంది. పాత తీర్పులు వెతకడం, ఒప్పంద పత్రాలు చదివి తేడాలు పట్టడం, కేసులో ఏది ఎప్పుడు జరిగిందో తేదీల వారీగా రాసివ్వడం. కానీ ఆ నాలుగు వారాల్లోనే సీనియరు కంట్లో పడతారు. రేపు జూనియరుగా ఎవర్ని పెట్టుకోవాలో, కంపెనీలోకి ఎవర్ని పిలవాలో అక్కడే తేలిపోతుంది. నియమం పిల్లల్ని వెళ్లమంది. రానివ్వమని మాత్రం ఏ ఆఫీసునూ గట్టిగా అడగలేదు. అక్కడే ఉంది కిటుకంతా.

2007లో వచ్చిన 4 శాతం బి.సి.-ఇ రిజర్వేషన్ మా పిల్లల్ని కాలేజీ గేటు దాటించింది. దానికోసం 2004 నుంచి కోర్టుల చుట్టూ తిరిగాం. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే, అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు దాన్ని నిలబెట్టింది. గేటు లోపల సీటు దొరికింది. గేటు బయట మాత్రం ఇంకో రిజర్వేషన్ నడుస్తున్నది. దానికి జీవో లేదు, శాతం లేదు, దానిమీద కోర్టుకెక్కినవాడూ లేడు. బావమరిది కొడుకు, ఊరి రెడ్డిగారి మనవడు, కాలేజీ స్నేహితుడి కూతురు. ఒక్క ఫోనుతో సీటు ఖాయం. మా ఇళ్లలో ఫోన్లున్నాయి. చేస్తే ఎత్తేవాళ్లు లేరు.

మా కోటమిట్ట అమ్మాయి ఒకామె నిరుడు వేసవికి ముందు పద్నాలుగు ఆఫీసులకు దరఖాస్తు పెట్టుకుంది. తండ్రి కుట్టుమిషను మీద బతుకుతాడు. పన్నెండు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒకచోట పిలిచారు, మార్కులు చూసి మెచ్చుకున్నారు. తర్వాత అసలు సంగతి: "ఆఫీసులో ఆ తలమీది గుడ్డ తీసేస్తావా అమ్మా? మాకేం లేదు, క్లయింట్లు ఏమనుకుంటారో!" ఇంకోచోట, "మీవాళ్ల కేసులు మా దగ్గరకు పెద్దగా రావు గదమ్మా" అన్నారు. ముస్లిం పిల్ల ముస్లింల కేసులే చూడాలన్న చట్టం ఎక్కడుందో ఆ పెద్దమనిషి చెప్పలేదు. హిజాబ్ మీద 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరు చెరొక మాట చెప్పి పై ధర్మాసనానికి వదిలారు. మా పిల్లమీద మాత్రం ఆఫీసు మేనేజరు నిమిషంలో తీర్పు చెప్పేశాడు.

ఈ 'మాకేం లేదు' మాకు బాగా తెలిసిన మాట. ఇల్లు అద్దెకు అడిగితే మాకేం లేదు, పక్కింటివాళ్లు ఒప్పుకోరు. ఉద్యోగం అడిగితే మాకేం లేదు, స్టాఫు ఇబ్బంది పడతారు. ఎవరికీ ఏమీ లేకుండానే మేం ఎలా బయట ఉండిపోయాం?

ఇది మా ఊహ అంటారేమో. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్వెల్ ఒక పరిశోధన అచ్చువేశారు. ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువులున్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు: అగ్రవర్ణ హిందువు పేరు, దళితుడి పేరు, ముస్లిం పేరు. ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపొచ్చే అవకాశం అగ్రవర్ణ పేరుతో పోలిస్తే సుమారు మూడోవంతు. మనిషిని చూడలేదు, గడ్డం చూడలేదు, బురఖా చూడలేదు. పేరే చూశారు. మెరిట్ గురించి మాట్లాడే పెద్దలు ముందు ఈ మూడోవంతుకు లెక్క చెప్పాలి.

లోపలికి రానిస్తే ఏం జరుగుతుందో కూడా విన్నాం. మా కుర్రాడొకడికి ఒక సీనియరు ఆఫీసులో నాలుగు వారాలు చోటు దొరికింది. ఎందుకు దొరికిందో రెండోరోజుకే అర్థమైంది. ఇనాం భూముల దావాలో పాత ఉర్దూ దస్తావేజులున్నాయి, చదివేవాళ్లు లేరు. పొద్దుటినుంచి రాత్రిదాకా వాటిని తెలుగు చేశాడు. వాదనల రోజు కారులో మిగతా పిల్లలు కోర్టుకెళ్లారు, వీడిని ఆఫీసు చూసుకోమన్నారు. వెళ్లేటప్పుడు సర్టిఫికెట్, దాంతోపాటు "రంజాన్‌కు బిర్యానీ మరిచిపోకు" అని ఒక జోకు. మా భాష కావాలి, మా వంట కావాలి. మా నోరు మాత్రం కోర్టులో వినిపించకూడదు.

డబ్బు సంగతి చూడండి. ఏపీ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. మద్రాసు దగ్గర గదా అంటే సుమారు 175 కిలోమీటర్లు. పెద్ద లా కంపెనీలు హైదరాబాదు, బొంబాయి, ఢిల్లీల్లో ఉన్నాయి. ఎక్కడికెళ్లినా నెలరోజుల హాస్టలు, తిండి, నల్లకోటు, బూట్లు. చాలా సీనియర్ల ఆఫీసుల్లో చేతికొచ్చేది సున్నా. మెకానిక్ షెడ్డులో, బీడీల చాటలో, మాంసం కొట్టులో గడిచే ఇంట్లో వేసవి అంటే పిల్లవాడు నాలుగు రూపాయలు తెచ్చే కాలం, ఖర్చుపెట్టే కాలం కాదు. పట్టా చేతికొచ్చిన తర్వాతి జూనియర్ల కోసం 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 ఇమ్మని సిఫారసు చేసింది. సిఫారసే, హుకుం కాదు. చదువుకునే పిల్లల నాలుగు వారాల సంగతి అందులో లేదు.

అమెరికాలో దీన్నే 'సమ్మర్ అసోసియేట్' అంటారు. పెద్ద కంపెనీలు రెండో ఏడు చదువయ్యాక పిల్లల్ని పది వారాలు పెట్టుకుంటాయి, వారానికి నాలుగు వేల డాలర్లకు పైగా ఇస్తాయి, కొత్త లాయర్లలో ఎక్కువమందిని వాళ్లలోనుంచే తీసుకుంటాయి. తెల్లవాళ్లు కాని పిల్లలకోసం కొన్ని కంపెనీలు వేరుగా ఫెలోషిప్పులు పెట్టాయి. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని చూడకూడదన్నాక, ఆగస్టులో పెర్కిన్స్ కోయి, మారిసన్ ఫోస్టర్ కంపెనీల మీద దావాలు పడ్డాయి. ఆ రెండూ తమ నిబంధనలు మార్చుకున్నాయి. ఇక్కడ రిజర్వేషన్ పేరెత్తితే మండిపడే మన తెలుగు పెద్దల పిల్లలు అక్కడ మైనార్టీలు. పేరు పలకడం రాక పక్కన పెట్టేస్తే అన్యాయమని అక్కడ గొంతెత్తుతారు, ఎత్తాలి కూడా. ఆ గొంతు విమానం దిగగానే ఎందుకు పూడుకుపోతుంది? కాలిఫోర్నియాలో వివక్ష అయింది కావలిలో ఆచారం ఎలా అవుతుంది?

ఈ తీరానికి వకీళ్ల అవసరం లేదా? 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ చట్టం తెచ్చి చెరువులకు దారిచ్చింది. కృష్ణపట్నం రేవులో 75 శాతం 2020లో, మిగిలిన 25 శాతం 2021లో అదానీ పోర్ట్స్ చేతికి పోయింది. అంత పెద్ద అమ్మకం వెనుక ఎన్ని కట్టల కాగితాలు, వాటిని చదవడానికి ఎందరు లాయర్లు! మా కడలి, మా నేల. కాగితం రాసేది ఎక్కడో. రేవు గేటు దగ్గర వాచ్‌మన్ పనికి మాత్రం మా కుర్రాళ్లు పనికొస్తారు. వక్ఫ్ భూముల మీద 2025లో కొత్త చట్టం వచ్చింది. రేపు ఆ దావాలు కూడా మా తరఫున ఎవరో వాదిస్తే మేం గ్యాలరీలో కూర్చుని వినాలా?

మనవాళ్లతోనూ ఒక మాట. నిఖా దావత్‌కు అప్పుచేసే తండ్రి, కూతురి నాలుగు వారాల హాస్టలుకు చెయ్యి విదలించడు. పిల్ల మద్రాసు పోతానంటే నలుగురూ ఏమంటారంటాం. దేశంలో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి, 1989లో, మన ఫాతిమా బీవీ. 1950లో ఆమె కేరళలో వకీలుగా పేరు నమోదు చేసుకున్న రోజున నలుగురూ ఏమన్నారో ఎవరికి గుర్తుంది? పేద పిల్లల్ని జాతీయ లా కాలేజీల్లోకి చేర్చడానికి 2010లో ఐడియా అనే సంస్థను మొదలుపెట్టినవాడు మన షమ్నాద్ బషీర్. 2019లో పోయాడు. ఆ పని ఒక్కడి భుజాలకు వదిలేసింది చాలు.

ఇక సెక్యులర్ మిత్రులారా. డిసెంబరు 6న మమ్మల్ని సభలకు పిలుస్తారు, మా బాధ విని చప్పట్లు కొడతారు. మొహర్రంకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి మాతోపాటు చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె పట్టుకుంటారు. రొట్టె దగ్గర మీకూ మాకూ తేడా లేదు, సంతోషం. మరి మీ ఆఫీసులో ఈ వేసవి ఎందరు ముస్లిం పిల్లలు పనిచేశారు? మీలో లాయర్లు తక్కువేం లేరు. ఉపన్యాసం వద్దు, ఆ అంకె ఒక్కటి చెప్పండి.

మేం అడుగుతున్నది దయ కాదు. శిక్షణ ఇవ్వడానికి ఇష్టపడే సీనియర్ల జాబితా జిల్లాలవారీగా తయారుచేయాలని ఆ 2008 నియమాల్లోనే ఉంది. నెల్లూరు జిల్లా జాబితాను ప్రతి లా కాలేజీ గోడమీదా అంటించండి. దరఖాస్తులు బహిరంగంగా పిలవండి. మొదటి వడపోతలో పేరూ ఫోటో కప్పిపెట్టండి. నాలుగు వారాలకు తిండీ బసా ఖర్చివ్వండి. వక్ఫ్ బోర్డు, మైనార్టీ సంక్షేమ శాఖ తమ లీగల్ విభాగాల తలుపులు ముందు తెరవాలి. మా పిల్లలు మార్కుల్లో ఓడితే ఓడతారు. పేరు దగ్గర ఓడిపోవడానికి మాత్రం ఇక సిద్ధంగా లేరు.

షాహిద్ ఆజ్మీ కుర్రతనంలోనే టాడా కింద జైలుకెళ్లి, నిర్దోషిగా బయటికొచ్చి, లా చదివి, ముద్దాయిల తరఫున నిలబడ్డాడు. 2010 ఫిబ్రవరి 11న బొంబాయి ఆఫీసులోనే అతన్ని కాల్చి చంపారు. అప్పటికి 32 ఏళ్లు. ముద్దాయి వకీలు కావచ్చని చూపించి పోయాడు. వకీలు కావడానికి మా పిల్లలు ముందు ముద్దాయిలు కానక్కర్లేదు.

ఇప్పుడు మేం ఉర్దూ అర్థంలో ముద్దయీలం. దావా వేశాం. వాయిదాలు వద్దు.