సైకిళ్లు - శిరస్త్రాణము

ఆదివారపు టుదయమున హైదరాబాదునుండి సైకిళ్లపై వచ్చి, మూసీనదికి జన్మస్థానమగు అనంతగిరి కొండల నెక్కు యువకబృందములను వికారాబాదు ప్రజ లెరుగుదురు. వారిలో పెక్కురు హెల్మెటను శిరస్త్రాణమును ధరింతురు. ఆ ప్రాంతముననే పాఠశాలకు, పొలమునకు, తాండూరు బండల గనులకు సైకిలుపై పోవువారి తలలకు మాత్రము సాధారణముగా రక్షణ లేదు. వేడుకకు వచ్చువారికి గల జాగ్రత్త బ్రతుకుతెరువుకై తిరుగువారికి లేకుండుట విచారకరము.

మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను మోటారు సైకిళ్లకే వర్తించును. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1990లోనే త్రొక్కుడు సైకిళ్లవారికిని దీనిని నిర్బంధ మొనర్చినది. మన చట్టము మౌనము వహించినంతమాత్రమున రోడ్డుపై రాయి మెత్తబడునా? శిరస్త్రాణములోని నురుగుపొర తాను నలిగి దెబ్బ బలమును తగ్గించును. పట్టీ బిగింపనిదియు, ఒకమారు గట్టిదెబ్బ తిన్నదియు నమ్మదగినవి కావు.

అయినను సర్వభారమును సైకిలువాని తలపై మోపుట న్యాయము కాదు. 2025 నవంబరు 3న తాండూరునుండి హైదరాబాదు పోవు బస్సును మీర్జాగూడవద్ద కంకర టిప్పరు ఢీకొనగా 19 మంది మరణించిరి. అట్టి తాకిడిని ఏ శిరస్త్రాణమును ఆపజాలదు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి చెంత 2023లో 23 కిలోమీటర్ల సైకిలుబాట వెలసినది. తాండూరు పాఠశాలల చెంత కొలదిపాటి బాట అసాధ్యమని మేము తలంపము.

అంతవరకు సైకిలు యాత్రల నేర్పరచువారు శిరస్త్రాణము లేనివారిని చేర్చుకొనరాదు. బిడ్డకు సైకిలు కొను తండ్రి దానితోడనే శిరస్త్రాణమును కొనవలయును.