ఒక మార్కు కథ

వ్యాకరణం వల్ల ఇరుగుపొరుగుల మధ్య మాటలు ఆగిపోతాయని మీరెప్పుడైనా విన్నారా? మా ఇంట్లో అంతపనీ అయింది. తప్పు నాదే లెండి.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఇక్కడ గోడ కనిపిస్తే చాలు, దానిమీద ఏదో ఒక కోచింగ్ సెంటరు కాగితం అంటించి వుంటుంది. మా పైవాటాలో వుండే ఆయనది ఆ సెంటర్ల నడుమనే జిరాక్సు దుకాణం. లోకంలోని పిల్లలందరి నోట్సూ ఆయన యంత్రంలోంచి వెళ్ళవలసిందే! ఆయన కూతురు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. ఒకనాటి రాత్రి ఆ పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చి, “సార్, ఇది సింపులా, కాంప్లెక్సా, కాంపౌండా?” అని అడిగింది.

వాక్యం ఇది: “హావింగ్ క్లోజ్‌డ్ ద షాప్, ఫాదర్ కేమ్ హోమ్.”

నేను తెలుగు ఎమ్మే వాణ్ణి. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వాక్యభేదాలు చెబుతున్నవాణ్ణి. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకున్నాను. “దుకాణం మూసి నాన్న ఇంటికి వచ్చాడు.” ‘మూసి’ అసమాపక క్రియ, క్త్వార్థకం. ‘వచ్చాడు’ సమాపక క్రియ. అసమాపకం వుంది గనక సంక్లిష్ట వాక్యం. ఇంకేం కావాలి? “కాంప్లెక్సమ్మా” అన్నాను, మీసం మెలేసినంత ధీమాగా.

ఆ వారం సెంటరులో పెట్టిన పరీక్షలో అలాంటి ప్రశ్నే వచ్చింది. పిల్ల నా మాట ప్రకారం రాసింది. మార్కు పోయింది. పోయింది ఒక్క మార్కే గాని, ఆ ఒక్కదానితో మొదటి బ్యాచీలోంచి రెండో బ్యాచీకి దిగిపోయింది.

మర్నాడు మెట్లమీద ఆమె తండ్రి ఎదురుపడ్డాడు. “ఏంది సార్, మీరు చెప్పినట్లే రాసిందట. గట్ల రాసినందుకే మార్కు పోయిందట” అన్నాడు. అంతే. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. ఆపైన నాలుగు రోజులు పైవాటా వారెవరూ మా గుమ్మంవైపు చూడలేదు.

ఆ రాత్రి మా అబ్బాయి రెన్ అండ్ మార్టిన్ తీసి చదివాను. సంగతి తెలిసింది. బడి ఇంగ్లీషు వ్యాకరణంలో లెక్కపెట్టవలసింది సమాపక క్రియలను మాత్రమే. ‘హావింగ్ క్లోజ్‌డ్’ సమాపకం కాదు. దానికి విడిగా కర్త లేదు, ఉపవాక్యమనే హోదా లేదు. మిగిలింది ‘కేమ్’ ఒక్కటే. కాబట్టి సింపుల్ సెంటెన్స్! అదే విషయాన్ని “ఆఫ్టర్ ఫాదర్ హాడ్ క్లోజ్‌డ్ ద షాప్, హి కేమ్ హోమ్” అంటే కాంప్లెక్సు. “ఫాదర్ క్లోజ్‌డ్ ద షాప్ అండ్ హి కేమ్ హోమ్” అంటే కాంపౌండు. నాన్న మూసిన దుకాణం ఒకటే, వచ్చిన ఇల్లూ ఒకటే. పేర్లు మాత్రం మూడు.

ఇంకా చిక్కు ఎక్కడుందంటే, మన అసమాపకాలన్నీ ఇంగ్లీషులో ఒకే దారిన పోవు. “పాడుకుంటూ వచ్చాడు” అనే శత్రర్థకం అక్కడ సింపుల్‌గానే వుండిపోవచ్చు. “వాన పడితే దుకాణం మూస్తాడు” అనే చేదర్థకాన్ని ‘ఇఫ్’ పెట్టి చెప్పామా, ‘రెయిన్స్’ అనే సమాపక క్రియ ఊడిపడి కాంప్లెక్సు అవుతుంది. మన ‘పడితే’లో ఒక్క ప్రత్యయం చేసే పనికి వాళ్ళకు ఒక అవ్యయం, ఒక కర్త, ఒక పూర్తి క్రియ కావాలి. “ఆమె డాక్టరు” అని మనం క్రియే లేకుండా వాక్యం ముగిస్తాం. వాళ్ళకు ‘ఈజ్’ లేనిదే గడవదు. మన పిల్లలు ‘షి డాక్టర్’ అంటే నవ్వుతాం గాని, ఆ తప్పులో వున్నది తెలుగు వ్యాకరణమే సుమండీ!

నా పరువు దక్కించుకునేందుకు ఇంకో మాట చెప్పాలి. 1975లో వచ్చిన ‘తెలుగు వాక్యం’లో చేకూరి రామారావుగారు మన వాక్యాలను కొత్త భాషాశాస్త్రపు వెలుగులో పరిశీలించారు. ఇంగ్లీషువారిలోనూ క్వర్క్ మొదలైన నలుగురు 1985లో అచ్చువేసిన పెద్ద వ్యాకరణంలో ‘హావింగ్ క్లోజ్‌డ్’ వంటి వాటినీ ఉపవాక్యాలుగానే లెక్కించారు. ఆ లెక్కన నా జవాబు తప్పు కాదు. కాని పరీక్ష దిద్దేవారు క్వర్క్‌గారు కారు గదా! అడిగింది ఏ వ్యాకరణం ప్రకారమో కనుక్కోకుండా జవాబు చెప్పడమే నా తప్పు.

అయిదో రోజున నేనే మేడెక్కి వెళ్ళి ఇదంతా విప్పి చెప్పాను. పిల్ల నోట్సు రాసుకుంది. తండ్రి చివరిదాకా విని, “ఈ పేర్లన్నీ తెలిస్తే ఇంగ్లీష్ మాట్లాడొస్తదా సార్?” అని అడిగాడు.

రాదు. ఆయనకు ప్రెండర్‌గాస్ట్ దొరగారి సంగతి చెప్పాను. కుంపిణీ కొలువులో నెల్లూరు, గుంటూరు, రాజమండ్రిలలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ఉద్యోగం విరమించి స్వదేశం వెళ్ళాక చూపు దాదాపు పోయింది. అయినా 1864లో భాషలు నేర్చుకునే పద్ధతి గురించి ఒక పుస్తకం వెలువరించాడు. ముందు సూత్రాలు వల్లించవద్దు, పసిపిల్లల్లాగా కొన్ని నిండు వాక్యాలను నోటికి పట్టించుకుని, వాటిలోని మాటలనే మార్చి మార్చి కొత్త వాక్యాలు అల్లుకోమన్నాడు. మన జిల్లాలలో అన్నేళ్ళు తెలుగు వింటూ గడిపినవాడి మాట అది.

“మరి దొరకు ఏ బ్యాచి ఇచ్చేటోళ్ళో” అని నవ్వాడాయన. టీ వచ్చింది.

మొన్న ఆదివారం ఆ పిల్ల మళ్ళీ దిగివచ్చింది. “‘నాన్న వచ్చాడని తెలిసింది’, దీన్ని ఇంగ్లీషులో పెడితే ఏమవుతుంది సార్?” అంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. “ముందు మీ సెంటరు సారును అడిగి రామ్మా, తరువాత నేను చెబుతాను” అన్నాను.