కళ్లు మూసుకున్న పిల్లను కసరకండి

పొద్దున ఆరున్నర. మా నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక బడి సిమెంటు కోర్టు మీద పదేళ్ల పిల్ల నాలుగు చక్రాల స్కేట్లు కట్టుకుని మూలన నిలబడి ఉంది. కళ్లు మూసుకుంది. రెండు చేతులూ ఎదకు దగ్గరగా లాక్కుంది. ఎడమ మోకాలు కొద్దిగా వంగింది. పెదవులు ఏదో లెక్కపెడుతున్నాయి. గట్టు మీంచి తండ్రి కేకేశాడు: "నిలబడి నిద్రపోతున్నవా బిడ్డా? ఫీజు కట్టింది ఇందుకేనా? రౌండ్లు కొట్టు!" పిల్ల ఉలిక్కిపడి తిరగడం మొదలుపెట్టింది.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. ఊరంతా నమ్మేదే ఆయనా నమ్మాడు: ఒళ్లు అలిస్తేనే సాధన, మిగతాదంతా కాలక్షేపం. బోధన్ చెరుకు సీమ మనది, గానుగంటే మనకు తెలుసు. ఎద్దు ఎన్ని చుట్లు తిరిగితే అంత రసం. కానీ ఆ రసం చెరుకుది. ఎద్దు బతుకంతా తిరిగినా కొత్తగా నేర్చేది ఏమీ లేదు.

ఈ మాటంటే వెంటనే బాక్సర్ నిఖత్ జరీన్ పేరెత్తుతారు. మన నిజామాబాద్ బిడ్డ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది, చెమటోడ్చకుండానే అయిందా అని. చెమటోడ్చింది, కాదనను. ఆ నిఖతే 2017లో భుజం గాయంతో చాలాకాలం రింగుకు దూరమైంది. ఎంత గట్టి ఒంటికైనా ఒక హద్దుంది, పదేళ్ల ఒంటికి మరీను.

రౌండ్ల లెక్క అసలు స్పీడ్ స్కేటింగ్‌ది. దాన్ని తెచ్చి ఆర్టిస్టిక్ స్కేటింగ్ మీద రుద్దుతున్నారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చింది చక్రాల మీద చేసే ఈ విద్యలోనే. ఇందులో ఆక్సెల్ అనే జంప్ ఉంది. ముందుకు సాగుతూ ఒక కాలి మీంచి లేచి, గాలిలో ఒకటిన్నర చుట్టు తిరిగి, వెనక్కి జారుతూ రెండో కాలి మీద దిగాలి. గాలిలో ఉండేది అర సెకను, అంతే. అక్కడ ఆలోచనకు వేళ లేదు. చేతులు ఎప్పుడు దగ్గరకు రావాలో, ఎప్పుడు విప్పుకోవాలో లేవకముందే ఒంటికి తెలిసి ఉండాలి. మూలన నిలబడి ఆ పిల్ల ఒంటికి చెబుతున్నది ఇదే. దాన్ని నిద్ర అన్నాం!

ఇది నా ఊహ కాదు. మనసులో చేసే సాధన మీద అమెరికాలో 27 మంది ఫిగర్ స్కేటర్లతో పరిశోధకులు గార్జా, ఫెల్ట్జ్ చేసిన అధ్యయనం 1998లో వచ్చింది. కొందరు తమ ప్రోగ్రామ్‌ను కాగితం మీద గీసుకున్నారు, కొందరు నేల మీద నడిచి చూసుకున్నారు, మిగతావాళ్లు ఒళ్లు సాగదీసే కసరత్తు చేశారు. మొదటి రెండు జట్ల జంపులూ స్పిన్నులూ మెరుగుపడ్డాయి, పోటీకి ధైర్యమూ పెరిగింది. కాగితం, పెన్సిలు. ఇంతకన్నా చవకైన శిక్షణ ఏ తల్లిదండ్రులకు దొరుకుతుంది?

ఊహ ఒక్కటే చాలదన్నదీ నిజమే. పడకుండా ఎవరూ స్కేటింగ్ నేర్వలేదు. పైగా తప్పుగా ఊహిస్తే తప్పే గట్టిపడుతుంది, పడిపోవడమే కనిపించే పిల్లకు భయమే మిగులుతుంది. అందుకే పక్కన కోచ్ ఉండాలి. "ఇప్పుడు ఏం కనిపించింది? ఎక్కడ తప్పింది?" అని అడగాలి. టీవీలో ఎవరినో చూసినట్టు బయటినుంచి చూస్తే చాలదు. చక్రాల చప్పుడు వినాలి, తొడ బిగుసుకోవడం తెలియాలి, పాట తన వేగంలోనే నడవాలి. చిన్నపిల్లలకు ఇదంతా చేతకాదంటారు. ఇసుకలో గీత గీసి ఇది మా ఇల్లు, ఇది వంటగది అని పొద్దంతా ఆడే వయసు వాళ్లది! చేతకానిది మనకే.

కోర్టు ఆ పిల్లకు దొరికేది రోజుకు గంట. ఆ గంటలో రెండు నిమిషాలు కళ్లు మూసుకోవడానికి ఆమె ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు.

ఆ పొద్దున ఆమె స్కేట్లు విప్పుతుంటే అడిగాను, కళ్లు మూసుకుని ఏం చూస్తున్నవని.

"చూస్తలేను అంకుల్, ఎగురుతున్న. ఇంక దిగలే, అంతల డాడీ పిలిచిండు."