కాఫీ మొక్కకు కొన్నాళ్ళ దాహం

మా ఇంట కుండీలో పెరుగుతున్న కాఫీ మొక్కకు ఆరేళ్ళు నిండాయి. చిక్కమగళూరు ప్రాంతం నుండి వచ్చి మా మదర్సాలో చదువుకున్న ఒక విద్యార్థి, చదువు ముగించి వెళ్ళిన మరుసటి ఏడు, జానెడు మొక్కను భద్రంగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మూడు నాలుగేళ్ళకు పూస్తుంది ఉస్తాద్, మల్లెల వాసన వేస్తుంది" అన్నాడు. ఐదేళ్ళు గడిచినా పువ్వు జాడ లేదు. ఆకులకు మాత్రం కొదవ లేదు. నూనె రాసినట్లు నిగనిగలాడుతూ నా నడుము ఎత్తు పెరిగింది. "గొడ్డు మొక్క, ఎవరికైనా ఇచ్చివేయండి" అని ఇంటికి వచ్చినవారు సలహా ఇస్తుండేవారు. ఆ విశేషణం మొక్కకైనా, మనిషికైనా నాకు నచ్చదు. పైగా ఆ మొక్క మా అమ్మగారిది.

ఆమెకు ఎనభై దాటాయి. చూపు మందగించిన తర్వాత ఇంటి పనులు ఒక్కొక్కటిగా ఆమె చేతి నుండి జారిపోయాయి. మొదట పొయ్యి, తర్వాత బియ్యంలో రాళ్ళు ఏరడం, ఆపైన సూదీ దారం. ఫజ్ర్ నమాజు ముగించి, లోటా నిండా నీళ్ళు తెచ్చి కాఫీ మొక్క మొదట్లో పోయడం మాత్రం మిగిలింది. ఎండాకాలమైనా, వానాకాలమైనా ఒక్కరోజు తప్పలేదు.

గత సెప్టెంబరులో ఆ విద్యార్థి మమ్మల్ని చూడడానికి వచ్చాడు. మొక్కను చూసి సంతోషించి, మట్టిలో వేలు గుచ్చి, "రోజూ పోస్తారా?" అని అడిగాడు. అతని తండ్రి జీవితమంతా కాఫీ తోటల్లో పనిచేసినవాడు. ఆ సాయంత్రం అతను చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. ఇదే ఫిర్యాదు పాఠక సోదరీమణులు ఇద్దరు ముగ్గురు నాతో చేసి ఉన్నారు గనుక వారికీ ఉపయోగపడవచ్చు.

అరబికా కాఫీ పుట్టిల్లు ఇథియోపియా నైరుతి ప్రాంతపు అడవులు. యెమెన్‌లో 15వ శతాబ్దపు సూఫీలు రాత్రి ఆరాధనలో నిద్ర రాకుండా దీని పానీయాన్ని త్రాగేవారు. అరబీ 'ఖహ్వా' నుండే మన 'కాఫీ' వచ్చింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ హజ్ నుండి తిరిగివస్తూ మోఖా రేవు నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రతీతి. మా అమ్మగారికి ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. సరే, అసలు విషయానికి వస్తాను.

అడవిలో ఇది పెద్ద చెట్ల నీడన బ్రతికే మొక్క. నీడ మొక్క అన్నారు కదా అని మేము దానిని గది మూలన ఉంచాము. అది మొదటి తప్పు. అడవి నీడ వేరు, గది మూలలోని చీకటి వేరు. వెలుతురు చాలనప్పుడు ఆకు బ్రతుకుతుందే గాని మొగ్గ కట్టదు. అలాగని నడిమధ్యాహ్నపు ఎండ సోకితే ఆకులు మాడతాయి. అందుచేత తూర్పు కిటికీ వద్ద, పలుచని తెర వెనుకకు మార్చాము.

రెండవది నీరు. పగలు 13 గంటలకు లోపుగా ఉండే రోజుల్లో ఆకుల మొదళ్ళలో మొగ్గలు పుడతాయి. మనకు శీతకాలం అందుకు అనువైనది. అవి 4 నుండి 6 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు బియ్యపు గింజంత పెరిగి, అక్కడే ఆగి నిద్రపోతాయి. తోటల్లో ఆ తర్వాత వాన లేని వారాలు వస్తాయి; వేళ్ళు ఎండుదనాన్ని చవిచూస్తాయి. అటుపిమ్మట మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి జల్లు పడితే, ఆ తడికి మొగ్గలు మేల్కొని, 8 నుండి 12 రోజుల్లో కొండవాలు అంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. ఏడాది పొడవునా తడి మట్టిలో నిలిచిన మా మొక్కకు కరువూ తెలియదు, దాని తర్వాత వచ్చే వానా తెలియదు.

డిసెంబరు చివర ఒక ఉదయం అమ్మగారు ఆకుల మధ్య వేళ్ళు పోనిచ్చి, "ఇక్కడేవో గింజల్లాంటివి తగులుతున్నాయి, పురుగు గ్రుడ్లేమో చూడు" అన్నారు. నా కళ్ళజోడుకు అందనివి ఆమె వేళ్ళకు అందాయి. అవి మొగ్గలు. ఇక నీరు ఆపవలసిన సమయం వచ్చింది. ఆపమని ఆమెతో ఎలా చెప్పడం?

నిజం చెప్పాలంటే మొదట నాకు తోచింది మోసమే. కుండీని మేడమీది గదికి తరలించి, వెలుతురు కోసం అని చెబుదామనుకున్నాను. నా భార్య ఒప్పుకోలేదు. "ఆమెకు చూపు తగ్గింది గాని తెలివి తగ్గలేదు" అన్నది. ఆ మాటకు సిగ్గుపడి, అమ్మగారి ప్రక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఇన్నాళ్ళూ నేనే దాన్ని పూయనివ్వలేదంటావు" అన్నారు చివరకు. చీకటి మూలలో పెట్టింది నేనే కదా అని నచ్చజెప్పబోయాను; వినిపించుకోలేదు. మరునాడు లోటా వంటింటి గూటిలో బోర్లించి ఉంది. మూడు రోజులు ఆ గదిలోకి రాలేదు.

నాల్గవ రోజు, "చావదు కదా?" అని అడిగారు.

ఈ పనిలో జాగ్రత్త అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. కుండీలోని మట్టి కొద్దిపాటిది. తోటలో వలె వేళ్ళు లోతుకు పోయి తడిని వెదకుకోలేవు. పూర్తిగా మానివేస్తే మొక్క చస్తుంది. మధ్యాహ్నం ఆకులు కొంచెం వాలి, తెల్లవారేసరికి తేరుకుంటే ఆ దాహాన్ని అది భరించగలదు. తెల్లవారినా వాలే ఉంటే అర గ్లాసు నీరు ఇవ్వాలి. "పొద్దున్నే ఆకు పట్టి చూసి చెప్పగలవా అమ్మీ?" అన్నాను. అప్పటి నుండి ఆ పని ఆమెదే. నాలుగు వారాల్లో ఆరు సార్లు అర గ్లాసు చొప్పున పోయించారు. రెండుసార్లు నేను తొందరపడితే, "ఇంకా ఓర్చుకుంటుంది, ఆగు" అని వారించారు.

ఫిబ్రవరి 1వ తేదీన, కుండీ అడుగు నుండి నీరు కారేవరకు ఆమె చేతనే పోయించాము. పదవ రోజు నేను మస్జిదు నుండి తిరిగివచ్చేసరికి ఇల్లంతా పరిమళం. కొమ్మల వెంబడి గుత్తులు గుత్తులుగా తెల్లని పువ్వులు. అవి నిలిచేది రెండు మూడు రోజులే. ఆ రోజులన్నీ అమ్మగారు తస్బీహ్ పట్టుకుని కిటికీ ప్రక్కనే కూర్చున్నారు.

ఇతరులు ప్రయత్నించేముందు కొన్ని మాటలు. మొగ్గలు చేతికి తగలకుండా మొక్కను ఎండగట్టకండి. అది వట్టి హింస. తీవ్రమైన వేడిలో మొగ్గలు సరిగా విచ్చుకోవు గనుక మన మైదానాల్లో ఎండలు ముదరకముందే ఈ పని ముగియాలి. పూత వచ్చేది ప్రక్కలకు చాచిన కొమ్మల కణుపుల వద్ద. గుబురు కోసమని ఆ కొమ్మను మొదలంటా నరికితే, కాండంపై ఆ చోట మరొక ప్రక్క కొమ్మ రాదు. యూరియా వంటి ఎరువులు ఎక్కువైతే ఆకులే పెరుగుతాయి. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలితే తరచు బోరు నీటిలోని సున్నమే కారణం. వాన నీరు పట్టి పోయండి. ఇక కాయల మాట: అరబికా అయితే ఒక్క మొక్క చాలు, తన పుప్పొడితోనే కాయ కడుతుంది. రొబస్టాకు మరొక మొక్క తోడు కావాలి.

మా మొక్క కణుపుల వద్ద ఇప్పుడు మిరియపు గింజకన్నా చిన్నవైన పచ్చని పిందెలు నిలిచాయి. పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. అన్నీ పండినా ఒకటి రెండు కప్పులకు మించి రాదు. ఆ మొదటి కప్పు చిక్కమగళూరు కుర్రవాడికే అని అమ్మగారు ఇప్పటికే నిర్ణయించారు. లోటా మళ్ళీ గూటి నుండి దిగింది. అయితే ఇప్పుడు పోసేముందు ఆమె మట్టిలో వేలు గుచ్చి చూస్తున్నారు.