అప్పుల సంస్థకు వెల కట్టుట ఎట్లు?

చేతిఫోనులోనే అప్పు పుట్టు కాలమిది. బ్యాంకు మెట్లెక్కనక్కరలేదు, జామీనుదారుని వెదకనక్కరలేదు. నాలుగు వివరములు నింపినచో నిమిషములలో పైకము ఖాతాలో పడుచున్నది. కరీంనగరు పట్టణములోని చిరుద్యోగి మొదలుకొని ఆసిఫాబాదు పల్లెలోని యువకుని వరకు ఈ సౌకర్యము అందుబాటులోనికి వచ్చినది. ఇట్లు అప్పులిచ్చు సంస్థలను కొనుటకును, వానిలో పెట్టుబడి పెట్టుటకును బేరములు సాగుచున్నవి. ఒక్కొక్క సంస్థ వెల వందల కోట్లనియు, వేల కోట్లనియు పత్రికలలో చదువుచున్నాము. ఆ వెలను ఏ లెక్కను కట్టుచున్నారు? ఇది వర్తకులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న యని మనము ఊరకుండరాదు. ఆ లెక్క తప్పినప్పుడు దాని ఫలితము పల్లెవరకు వచ్చిన సంగతి మన రాష్ట్ర చరిత్రలోనే ఉన్నది.

పక్క చెలక ధర

వెల కట్టు పద్ధతులలో మిక్కిలి వాడుకలో నున్నది సాటి సంస్థలతో పోల్చుట. ఇది మనకు క్రొత్తది కాదు. చెలక అమ్మదలచినవాడు ముందుగా విచారించునది, పక్క చెలక ఎకరమెంతకు పోయినదని. పెట్టుబడిదారులును అదే చేయుదురు. అదే వ్యాపారము చేయుచు, బజారులో వాటాల ధర తెలియుచున్న మూడు నాలుగు సంస్థలను ఎన్నుకొందురు. వాని వెల వాని లాభమునకు ఎన్ని రెట్లున్నదో, సొంత మూలధనమునకు ఎన్ని రెట్లున్నదో చూతురు. మధ్యస్థమైన గుణకమును తీసికొని తమ ముందున్న సంస్థ లెక్కలకు వర్తింపజేయుదురు.

వస్తువులు తయారుచేయు కర్మాగారమునకు అమ్మకముల రాబడిని ఆధారముగా గొన్నను చెల్లవచ్చును. అప్పుల సంస్థకు అది చాలదు. దాని సరకే డబ్బు. ఒకచోట అప్పు తెచ్చి మరియొకచోట అప్పిచ్చుటయే దాని వృత్తి. కావున రాబడి కంటె సొంత మూలధనమును ఆధారముగా గొనుట క్షేమము.

తరగతిలో నల్లబల్లపై వేయదగిన చిన్న లెక్క నొకటి చూతము. ఒక సంస్థకు సొంత మూలధనము 80 కోట్లు. అది మరి 320 కోట్లు అప్పు తెచ్చి, మొత్తము 400 కోట్లు జనులకు అప్పిచ్చినదనుకొందము. సాటి సంస్థలు మూడును తమ మూలధనమునకు 2, 2.5, 3 రెట్ల వెల పలుకుచున్నవి. మధ్యది 2.5. కావున మన సంస్థ వెల 200 కోట్లు. ఇంతవరకు లెక్క సరియే. కాని ఇచ్చిన అప్పులలో పదవ వంతు, అనగా 40 కోట్లు, తిరిగి రాలేదనుకొనుడు. తెచ్చిన అప్పు మాత్రము పైసాతో తీర్చవలసినదే. అందుచే నష్టమంతయు సొంత మూలధనముపై బడును. 80 కోట్లు 40 అగును. అదే గుణకముతో వెల 100 కోట్లకు దిగును. అప్పులలో పదవ వంతు పోగా వెలలో సగము పోయినది. ఆ వార్త పొక్కిన పిమ్మట బజారు 2.5 రెట్ల గుణకమునైనను నిలుపునా?

ఎవరితో సాటి?

రెండవ చిక్కు మరింత లోతైనది. పక్క చెలక ధర అడిగినవాడు, తనది ఎర్రనేలయో నల్లరేగడియో, చెరువు కింద నున్నదో వాననే నమ్ముకొన్నదో మరచినచో మోసపోవును. ఆన్‌లైను అప్పుల సంస్థను ఎవరి సరసన నిలుపవలెను? సాంకేతిక సంస్థల సరసనా, బ్యాంకుల సరసనా?

అమెరికాలోని లెండింగ్ క్లబ్ కథ ఇందుకు తార్కాణము. ఆన్‌లైనులో అప్పులు కుదుర్చు ఈ సంస్థ 2014 డిసెంబరులో తన వాటాలను 15 డాలర్ల చొప్పున అమ్మకమునకు పెట్టినది. మొదటి రోజుననే ధర 23 డాలర్లు దాటి, సంస్థ వెల సుమారు 850 కోట్ల డాలర్లయినది. ఆ సంవత్సరపు రాబడి 21 కోట్ల డాలర్ల ప్రాంతము. అనగా రాబడికి 40 రెట్లు! ఏ బ్యాంకునకును అట్టి గుణకము దక్కదు. తాను బ్యాంకును కాననియు, కేవలము యంత్రముతో ఇరుపక్షములను కలుపుదాననియు చెప్పుకొన్నందున ఆ వెల పలికినది. 2016 మే నెలలో కొన్ని అప్పుల విక్రయములో అక్రమములు బయటపడి సంస్థాధిపతి రాజీనామా చేసెను. వాటా ధర 5 డాలర్ల దిగువకు జారినది. 2021లో ఆ సంస్థయే ఒక బ్యాంకును కొని తానును బ్యాంకయినది. సాంకేతిక సంస్థ వెల పలికినది తుదకు బ్యాంకుల వరుసలోనే కూర్చున్నది.

మన అనుభవము

అంత దూరము పోనక్కరలేదు. 1998లో మెదకు జిల్లా నారాయణఖేడు ప్రాంతమున విక్రమ్ ఆకుల సేవాసంఘముగా ప్రారంభించిన ఎస్.కె.ఎస్., పిదప సూక్ష్మరుణముల కంపెనీయై దేశమంతట విస్తరించినది. ఇది ఆన్‌లైను సంస్థ కాదు. పేదస్త్రీలను గుంపులుగా కూర్చి, వారము వారము వాయిదాలు వసూలుచేయు సంస్థ. ఐనను జామీను లేని చిన్న అప్పులు, శీఘ్రమైన పెరుగుదల, పెద్ద గుణకము అను మూడు లక్షణములలో నేటి ఫోను అప్పుల సంస్థలకు ఇది అన్నగారే.

2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. వాటాలు 985 రూపాయల చొప్పున అమ్ముడుపోయినవి. ఆ ధరను సంస్థ వెల సుమారు 7,000 కోట్లు. 2009–10 లాభము 174 కోట్లు. అనగా 40 రెట్ల గుణకము. లోకమున చూపుటకు పూర్వోదాహరణమొకటి కలదు: మెక్సికోలోని కంపార్తామోస్. 2007లో అది పేదలకిచ్చు అప్పులపై అధికమైన వడ్డీ తీసికొనుచు, వాటాదారులకు గొప్ప లాభములు చూపినది.

రెండు నెలలు తిరుగకమున్నే గాలి మారినది. బలవంతపు వసూళ్లు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరన్న వార్తలతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చినది. సంస్థలు జిల్లా జిల్లాకు నమోదు కావలెను. మిత్తి మొత్తము అసలును మించరాదు. వసూలు నెలకొకసారి, బహిరంగ స్థలమున జరుగవలెను. రాష్ట్రములో వసూళ్లు దాదాపుగా నిలిచిపోయినవి. 2011–12లో ఎస్.కె.ఎస్. నష్టము 1,360 కోట్లు. 2012లో వాటా ధర 100 రూపాయల దిగువకు పడినది. ఆ సంస్థ 2016లో పేరు మార్చుకొని, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో విలీనమైనది.

ఇందులో గమనింపదగిన విశేషమొకటి కలదు. హైదరాబాదు కేంద్రముగా నున్న సాటి సంస్థలలో పెక్కింటి అప్పులు ఈ రాష్ట్రములోనే చిక్కుకొన్నవి. ఒకదానితో నొకటి పోల్చినప్పుడు అన్నియు బాగుగనే కనిపించినవి; ఏలయన అన్నియు ఒకే చెరువు నీటిని నమ్ముకొన్నవి. చెరువు తెగినప్పుడు అన్ని మళ్లును మునిగినవి. అప్పులు వేరు రాష్ట్రములలో నున్న బెంగాలు సంస్థ బంధన్ 2015లో బ్యాంకయినది. కావున సాటిని ఎన్నునప్పుడు వ్యాపారము పేరును చూచుట చాలదు. ఆ అప్పు ఏ నేలపై పారినదో చూడవలెను.

నేల యనిన జ్ఞాపకము వచ్చును. ఆదిలాబాదు రైతు జూనులో పత్తి విత్తును. మొదటి ఏరుడు అక్టోబరు తరువాతనే. అప్పటివరకు చేతికి వచ్చు పైకము స్వల్పము. 50 వారముల వాయిదా మాత్రము మరుసటి వారమే మొదలగును. ఒక అప్పు వాయిదాకు మరియొక అప్పు తెచ్చుట అక్కడనే ఆరంభము. సంస్థ పుస్తకములో రెండును సక్రమముగా వసూలైన అప్పులే. పోల్చి చూచిన గుణకములో ఈ సంగతి ఎక్కడను కనబడదు.

ఫోనులోని షావుకారు

2020 డిసెంబరులో తెలంగాణమున ఫోను అప్పుల వేధింపులకు కొందరు బలియైరి. పోలీసులు పలువురిని అరెస్టు చేసిరి. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో నియమించిన కార్యబృందము సుమారు 1,100 అప్పుల యాప్‌లను పరిశీలించి, వానిలో 600 అక్రమమైనవని తేల్చినది. వాని రీతి తరచు ఇట్లుండెడిది: అప్పు 5,000 అని వ్రాసి, రుసుము పేర 1,500 కోసికొని, 3,500 చేతికిచ్చి, ఏడు రోజులలో 5,000 కట్టుమనుట. 3,500పై వారమునకు 1,500 అనగా నూటికి 43 చొప్పున. సంవత్సరమునకు సాధారణ మిత్తి లెక్కనే నూటికి 2,200 మించును! ధాన్యము కొలిచి పంటనాటికి ఒకటికి ఒకటిన్నర తీసికొన్న పాతకాలపు షావుకారు దీనిముందు దయామయుడు.

ఇట్టి మిత్తియు లెక్కల పుస్తకములో "రాబడి" గానే నమోదగును. దానిని గుణకముతో హెచ్చించినచో వేధింపే ఆస్తిగా లెక్కకు వచ్చును. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమములు చేసినది: పైకము నేరుగా అప్పుగొన్నవాని ఖాతాలోనే పడవలెను, రుసుములతో కూడిన వార్షిక రేటును ముందే తెలుపవలెను, ఫోనులోని బంధుమిత్రుల పేర్ల జాబితాను యాప్ తాకరాదు. నియమము మారిన నాడు నిన్నటి రాబడి నేడు రాదు. కావున వెల కట్టువాడు గుణకమునకు ముందు ఆ రాబడి ధర్మమైనదా, నిలుచునదా యని అడుగుట నీతియే గాక గణితము కూడ.

పోల్చదగిన మరియొక సాటి

మన పూర్వపు కరీంనగరు జిల్లాలోనే, నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో, 1956లో ఎ. కె. విశ్వనాథరెడ్డి గారి నాయకత్వమున సహకార బ్యాంకు వెలసినది. సభ్యులే యజమానులు. పంటకు అప్పిచ్చుట, పండిన పంటను కొనుట ఒకే సంఘము చేతిలో నున్నవి. అప్పు తీరునది పంట అమ్మిననాడు. దాని వాటాలు ఏ బజారులోను వేలమునకు రావు గనుక పెట్టుబడిదారుల పట్టికలలో దానికి చోటు లేదు. ఐనను పెద్ద గుణకముల సంస్థలు కొన్ని రూపుమాసినవి. ఇది ఏడు దశాబ్దములు నిలిచినది.

సహకారమే ఏకైక మార్గమని గాని, ఆన్‌లైను అప్పు లన్నియు చెడ్డవని గాని దీని భావము కాదు. నియమముల ననుసరించి, తీర్చగల వానికి తీర్చగలంత ఇచ్చు సంస్థ ఏ రూపముననైనను ఉపకారియే. సాటి సంస్థల పోలిక తూనికరాయి వంటిది. రాయి సరియైనదో కాదో ముందు చూచుకొనవలెను. ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే పై రెండు లెక్కలను ఒక్కసారి చేయింతురు గాక. మూలధనములో సగము ఎట్లు హరించినదో, వారపు మిత్తి సంవత్సరమునకు ఎంతైనదో స్వయముగా కనుగొన్న బాలుడు రేపు అప్పు తీసికొన్నను, అప్పుల సంస్థలో వాటా కొన్నను, మొదట అడుగునది ఒక్కటే: ఈ పైకము ఎవరి సంపాదన నుండి, ఎప్పుడు తిరిగి వచ్చును? అందుకు సమాధానము లేని చోట ఎన్ని సాటి సంస్థలను చూపినను ఆ వెల కాగితముమీది వెలయే.