తీరిక వేళ: బరువు తగ్గితేనే విమానం

బెజవాడ ఆటోనగర్ వారికి బరువు లెక్క కొత్తగా నేర్పనక్కరలేదు. 1966లో వెలసిన ఆ పేటలో, వట్టి ఛాసిస్ మీద లారీ బాడీ కట్టే మేస్త్రిని ఎవరినైనా అడగండి. లారీ సరుకుతో సహా ఎంత బరువుండవచ్చునో చట్టం నిర్ణయించింది. బాడీ ఒక క్వింటాలు పెరిగితే సరుకు ఒక క్వింటాలు తగ్గవలసిందే గదా! మన ఇంట్లో అబ్బాయో అమ్మాయో బల్లమీద పరుచుకుని అతికిస్తున్న బాల్సా విమానానికీ ఇదే లెక్క. కాకపోతే అక్కడ క్వింటాళ్ళు, ఇక్కడ గ్రాములు.

రేడియోతో నడిచే బొమ్మ విమానాన్ని అమెరికాలో గుడ్ సోదరులు 1937లోనే ఎగరవేశారు. ఆనాటి రేడియోను మోయడానికి విమానమే పెద్దది కావలసి వచ్చింది. ఇవాళ రిసీవరు బరువు కొద్ది గ్రాములే. అయినా మన పిల్లల విమానాలు బరువెక్కుతున్నాయంటే కారణం భయం. మొదటిరోజు కూలుతుంది, రెక్క విరుగుతుంది. “ఈసారి గట్టిగా చేద్దాం నాన్నా!” అంటారు. మందపు చెక్క, రెట్టింపు జిగురు పడతాయి. అది మరింత గట్టిగా కూలుతుంది. మూడోసారికి విమానమూ, పిల్లల ఉత్సాహమూ కలిసి అటకెక్కుతాయి.

ఎందుకిట్లా జరుగుతుందో చూడండి. రెక్క పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 18 సెంటీమీటర్లు అనుకుందాం. విమానం 360 గ్రాములున్నదల్లా “గట్టిపడి” 540 గ్రాములైతే బరువు ఒకటిన్నర రెట్లయింది. గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం కూడా సుమారు 22 శాతం పెరుగుతుంది. ఆ వేగంతో నేలకు దిగితే తాకిడి శక్తి రెండుంబావు రెట్లవుతుంది! దెబ్బకు తట్టుకోవాలని చేర్చిన చెక్కే దెబ్బను పెంచుతున్నదన్నమాట.

మరి ఏం చేయాలి? చెక్క కొనేటప్పుడే తూచండి. ఒకే కొలత బాల్సా పలకలు రెండు, బరువులో ఎంతో తేడాగా వుండవచ్చు. గట్టివి రెక్క పొడవునా సాగే వెన్నుబద్దకు వాడండి. తేలికవి రెక్కలోని పక్కటెముకలకూ, తోకకూ వాడండి. ముఖ్యంగా తోక! బరువు నిలిచే చోటుకు తోక 50 సెంటీమీటర్లు వెనుకా, ముక్కు 20 సెంటీమీటర్లు ముందూ వుంటే, తోకలో ఒక గ్రాము పెరిగినప్పుడల్లా ముక్కులో రెండున్నర గ్రాములు చేర్చాలి. జిగురు తడిపితే చాలు, కారనక్కరలేదు. రెక్కను మేకులతో బిగించక రబ్బరు బాండ్లతో కట్టండి. కూలినప్పుడు విరగకుండా జారిపోతుంది. మనం చెప్పుకున్న రెక్కకైతే, ముందంచునుంచి 5 సెంటీమీటర్ల దగ్గర వేళ్ళమీద నిలిపి చూడండి. తోక వాలితే సీసం కోసం వెతకకండి, బ్యాటరీని కాస్త ముందుకు జరపండి.

కొండపల్లి పక్కనే వుండగా బాల్సా ఎందుకు, తెల్ల పొణికి చాలదా అని కొందరడగవచ్చు. ఒకే కొలత ముక్కలు రెండూ పక్కపక్కన తూచండి, త్రాసే జవాబు చెబుతుంది. పైగా పొణికి చెట్లు తగ్గిపోయి బొమ్మలు చేసేవారికే ఆ చెక్క దొరకడం కష్టమవుతున్నది. దాన్ని ఏనుగు అంబారీకీ, దశావతారాలకూ వదిలేద్దాం.

ఎగరవేయడానికి వరి కోసిన చేను మంచిది. గాలి లేవకముందే, తెల్లవారగానే, చేను గలవారిని అడిగి వెళ్ళండి. కరెంటు తీగలకూ, జనానికీ దూరంగా వుండండి. గన్నవరం విమానాశ్రయం వైపు మాత్రం వద్దు. 2021 డ్రోన్ నిబంధనల కింద ఎక్కడ ఎంత ఎత్తు ఎగరవచ్చునో చూపే ప్రభుత్వపు పటం వున్నది. ముందుగా అది చూసుకోవాలి.

కూలిన ప్రతిసారీ, అతికించిన తరువాత తూచి నోటుపుస్తకంలో బరువు రాయించండి. పెరిగితే ఎక్కడో ఒకచోట గీకి తగ్గించాలి. ఈ ఒక్క అలవాటు ఖరీదైన మోటారు కన్న ఎక్కువ ఉపకారం చేస్తుంది. దీనికి వంటింటి చిన్న త్రాసు చాలు. అయితే పని కాగానే తుడిచి, పోపులపెట్టె పక్కన యథాస్థానంలో పెట్టించే పూచీ తండ్రులది!